మీ ఊరి వాగు మీద రోడ్డు వస్తోందా? పర్మిషన్ ఫైల్ ఇలా చదవండి

పోయిన వారం ఒక తమ్ముడు రెండు ఫొటోలతో మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా ఊరి బయట నుంచి నాలుగు లేన్ల బైపాస్ పోతోంది. చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు మీద రెండు పైపులు వేసి మట్టి కప్పేస్తున్నారు. అడిగితే అన్ని పర్మిషన్లూ ఉన్నాయంటున్నారు. అసలు ఏ పర్మిషన్లు అన్నా?"

మంచి ప్రశ్న. దీనికి సమాధానం వెతకడానికి నాకు పది రోజులు పట్టింది. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు, సివిల్ ఇంజనీర్ని కూడా కాదు. బీటెక్ కంప్యూటర్స్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాడిని. కానీ గవర్నమెంట్ నోటిఫికేషన్లు చదువుతుంటే నాకు ఒకటి అర్థమైంది. ఇవన్నీ ఇఫ్-ఎల్స్ కండిషన్లే. ఏ కండిషన్ ఎక్కడ ఫాల్స్ అవుతుందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. వీడియోలో స్క్రీన్ మీద గీసి చూపించినవి ఇక్కడ చదివేవాళ్ల కోసం మాటల్లోకి మార్చా.

ముందు నీళ్ల సంగతి చూద్దాం, ఆ తర్వాత కాగితాలు.

మన దగ్గర, ముఖ్యంగా తెలంగాణలో, రాయలసీమలో చెరువులు ఒంటరిగా ఉండవు. గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు పోస్తుంది, ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకి వస్తాయి, అది నిండితే ఇంకో ఊరికి. ఒక్క తెలంగాణలోనే చిన్న నీటి వనరులు 46 వేలకు పైగా ఉన్నాయని మిషన్ కాకతీయ అప్పుడు లెక్క తేల్చారు. ఈ గొలుసుకి అడ్డంగా మూడు నాలుగు మీటర్ల ఎత్తున మట్టి కట్ట పోస్తే అది రోడ్డు అని మనకి తెలుసు గానీ, నీళ్లకి తెలియదు కదా. నీళ్ల లెక్కలో అది ఒక ఆనకట్ట. తేడా ఏంటంటే ఆనకట్టకి తూము ఎంత, అలుగు ఎంత అని ఎవరో ఒకరు లెక్క వేసి కడతారు. రోడ్డు కట్టకి ఆ లెక్క కల్వర్టులో ఉంటుంది. మా వైపు దాన్నే మోరీ అంటారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది నేను ఊహించుకున్న వాగు, ఏ ఊరిదీ కాదు. 10 చదరపు కిలోమీటర్ల మీద పడిన వాన ఈ వాగులోకి వస్తుందనుకోండి. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడింది. అందులో 40 శాతం పారింది, మిగతాది నేలలో ఇంకింది. అంటే 2 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. గంటకి 3,600 సెకన్లు కాబట్టి, సెకనుకి సుమారు 55 ఘనపు మీటర్లు. ఇప్పుడు 1.2 మీటర్ల వ్యాసం ఉన్న పైపు తీసుకోండి. దాని నోరు 1.13 చదరపు మీటర్లు. నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో పోయినా ఒక్కో పైపు నుంచి సెకనుకి 2.26 ఘనపు మీటర్లే పోతాయి. రెండు పైపులు కలిపి నాలుగున్నర. వచ్చేది 55, పోయేది నాలుగున్నర. నిజానికి పది చదరపు కిలోమీటర్ల నీళ్లూ ఒకేసారి పైపు దగ్గరికి రావు, దూరం నుంచి వచ్చేవి ఆలస్యంగా వస్తాయి. సరే, సగమే వచ్చాయనుకోండి. అప్పుడు కూడా పైపులు చాలవు. మిగతా నీళ్లు ఏం చేస్తాయి? కట్ట వెనక ఆగి పక్కన పొలాల్లోకి, ఇళ్లలోకి ఎక్కుతాయి. లేదా కట్టనే తోసుకుపోతాయి.

తోసుకుపోతే ఏమవుతుందో మనకి తెలుసు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర చెరువు తెగి, ఆ వరదకి రైలు కట్ట మీద ఉన్న చిన్న వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ వచ్చి అందులో పడింది. వందమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు మీ వాట్సాప్‌లో కూడా తిరిగే ఉంటాయి. అవి రైలు కట్టలే, రోడ్లు కావు. నీళ్లకి ఆ తేడా ఉండదు.

ఇక పర్మిషన్లు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది ఈ ఛానల్ చూస్తారు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతా, పోలిక కోసం. అక్కడ క్లీన్ వాటర్ యాక్ట్ అని 1972 నాటి చట్టం ఉంది. దాంట్లో 404వ సెక్షన్. వాగులోనో, వెట్‌ల్యాండ్‌లోనో, అంటే ఊబనేలలో, చిత్తడి నేలలో మట్టి పోయాలంటే ఆర్మీ కార్ప్స్ ఆఫ్ ఇంజనీర్స్ అనే సంస్థ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. హైవే కట్టేది గవర్నమెంటే అయినా సరే. ముందు తప్పించు, తప్పించలేకపోతే తగ్గించు, అదీ కుదరకపోతే ఇంకోచోట దానికి బదులు చెయ్యి. ఈ వరసలో అడుగుతారు. రోడ్లలాంటి పొడవాటి పనులకి 14వ నంబర్ నేషన్‌వైడ్ పర్మిట్ అని ఒక షార్ట్‌కట్ ఉంది. ఒక్కో దాటింపు దగ్గర నష్టం అర ఎకరం దాటకపోతే అది సరిపోతుంది. అర ఎకరం అంటే మన లెక్కలో 20 గుంటలు, ఆంధ్రాలో చెప్పాలంటే 50 సెంట్లు. సముద్రపు పోటు తగిలే నీళ్లలో అయితే ఇంకా తక్కువ, మూడోవంతు ఎకరమే.

అక్కడ అంతా బాగుందని చెప్పట్లేదు. 2023 మేలో సాకెట్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు వెట్‌ల్యాండ్ అనే మాటకి అర్థాన్ని బాగా కుదించింది. నదితోనో కాలువతోనో పైకి కనపడేలా కలిసి ఉంటేనే ఈ ఫెడరల్ చట్టం కింద లెక్క అంది. చాలా ఊబనేలలు ఒక్క తీర్పుతో బయటికి పోయాయి. కానీ నేను చెప్పాలనుకున్న పాయింట్ వేరే. అక్కడ ట్రిగ్గర్ నీళ్లు. వాగుని ముట్టుకున్నావా, పర్మిట్ తెచ్చుకో.

మన దగ్గర ట్రిగ్గర్ రోడ్డు. అది ఎంత పొడవు, ఎంత వెడల్పు, కొత్తదా పాతదా. ఆ రోడ్డు కింద వాగు ఉందా, నాలుగు చెరువులున్నాయా అన్నది మొదటి ప్రశ్న కాదు. తమ్ముడి ప్రశ్నకి సమాధానం అంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

వివరంగా చెప్తా. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 2006 సెప్టెంబర్ 14న ఈఐఏ నోటిఫికేషన్ వచ్చింది. ఈఐఏ అంటే పర్యావరణంపై ప్రభావం ఎంతో ముందే అంచనా వేయడం. దానికి వెనక ఒక షెడ్యూల్ ఉంటుంది. ఫ్యాక్టరీ, గని, పోర్టు, అన్నీ వరసగా. హైవేలు 7(ఎఫ్)లో ఉంటాయి. ఆ ఒక్క అడ్డవరసని చదవడం నేర్చుకుంటే చాలు.

కొత్త నేషనల్ హైవే అయితే పర్యావరణ అనుమతి తప్పనిసరి, కేంద్ర మంత్రిత్వ శాఖ ఇవ్వాలి. కొత్త స్టేట్ హైవే అయినా తప్పనిసరి, రాష్ట్ర స్థాయిలో ఉండే అథారిటీ ఇస్తుంది. ఉన్న స్టేట్ హైవేని వెడల్పు చేస్తే మాత్రం వెయ్యి మీటర్ల పైన కొండప్రాంతంలోనో, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంలోనో ఉంటేనే. ఉన్న నేషనల్ హైవేని వెడల్పు చేస్తే? ఇక్కడే అసలు ఆట. 2006లో 30 కిలోమీటర్లు దాటితే అన్నారు, దానికి ఇంకో రెండు షరతులు తగిలించి. 2013 ఆగస్టులో దాన్ని మార్చి 100 కిలోమీటర్లు దాటాలి అన్నారు. అదొక్కటే చాలదు. అదనంగా తీసుకునే భూమి ఉన్న రోడ్డు వెంట 40 మీటర్లు దాటాలి, దారి మార్చిన చోట, బైపాస్ దగ్గర 60 మీటర్లు దాటాలి.

ఇప్పుడు ఆ తమ్ముడి బైపాస్ చూడండి. అది 60 చిల్లర కిలోమీటర్ల విస్తరణ పనిలో ఒక ముక్క. మొదటి కండిషన్ దగ్గరే ఫాల్స్. 100 దాటలేదు. సరే, 100 దాటిందనే అనుకుందాం. నాలుగు లేన్ల బైపాస్‌కి సాధారణంగా తీసుకునేది 60 మీటర్ల వెడల్పు. నోటిఫికేషన్‌లో ఉన్నది "60 కంటే ఎక్కువ". 60 అంటే 60 కంటే ఎక్కువ కాదు కదా. కోడింగ్‌లో గ్రేటర్ దాన్‌కి, గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్‌కి తేడా తెలియక ప్రొడక్షన్‌లో బగ్గులు వస్తుంటాయి. ఇక్కడ బగ్ కాదు, రాసిందే అలా.

సో, ఊరివాళ్లకి బైపాస్ అంటే పొలాల మధ్య నుంచి పోయే బ్రాండ్ న్యూ రోడ్డు. నోటిఫికేషన్‌కి మాత్రం అది పాత రోడ్డు విస్తరణ. "అన్ని పర్మిషన్లూ ఉన్నాయి" అని సైట్ దగ్గర చెప్పినాయన అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. పర్యావరణ అనుమతి అక్కర్లేని ప్రాజెక్టు అది, అంతే.

ఈ 100 కిలోమీటర్ల గీత దేశంలో ఎంత పెద్ద గొడవ అయిందో చార్‌ధామ్ రోడ్ల కేసులో చూశాం. ఉత్తరాఖండ్‌లో దాదాపు 900 కిలోమీటర్ల పని. దాన్ని 53 పనులుగా చేశారు. ఏదీ 100 దాటదు. కాబట్టి ఈఐఏ లేదు. కొండలు, నదులు, జారిపడే మట్టి, అన్నీ ఉన్న చోట మొత్తం ప్రాజెక్టుకి కలిపి ఒక్క ఈఐఏ కూడా లేకుండా పని మొదలైంది. కేసు సుప్రీంకోర్టుకి పోతే 2019లో హై పవర్డ్ కమిటీ వేశారు. 2021 డిసెంబర్ 14న కోర్టు సైన్యం అవసరాల్ని లెక్కలోకి తీసుకుని వెడల్పు రోడ్డుకే ఒప్పుకుంది. సరిహద్దు అవసరం నిజమైనదే. నాకున్న అభ్యంతరం ఒక్కటే. సైన్యానికి రోడ్డు కావాలి కాబట్టి కింద కొండ జారదని కాదుగా. అంచనా వేయడం అంటే రోడ్డు ఆపడం అని ఎందుకు అనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఓకే, ఈఐఏ లేదు. వెట్‌ల్యాండ్ చట్టం ఉందిగా అని కామెంట్లలో అడిగారు. ఉంది. 2017 సెప్టెంబర్‌లో వెట్‌ల్యాండ్స్ రూల్స్ వచ్చాయి. వెట్‌ల్యాండ్‌ని పూడ్చి వేరే పనికి మార్చకూడదు, ఆక్రమించకూడదు. గత పదేళ్లలో వచ్చిన వరద మట్టాల సగటు చూసి ఆ గీత నుంచి 50 మీటర్ల దాకా పక్కా కట్టడాలు వద్దు, పడవలు ఆపే జెట్టీ తప్ప. చదువుతుంటే చాలా బాగుంటుంది. ఇంకొంచెం పైకి స్క్రోల్ చేసి, వెట్‌ల్యాండ్ అంటే ఏంటో రాసిన చోట చదవండి. నదీ ప్రవాహ మార్గాలు కావు. వరి పొలాలు కావు. తాగునీటి కోసం మనుషులు కట్టినవి కావు. చేపల పెంపకం, ఉప్పు, వినోదం, సేద్యం కోసం ప్రత్యేకంగా కట్టినవి కావు.

సేద్యం కోసం కట్టినవి కావు అంటే మన చెరువులు కావు. కాకతీయుల కాలం నుంచి మన చెరువులన్నీ కట్టింది సేద్యం కోసమే. ఏడెనిమిది వందల ఏళ్లుగా నీళ్లు నిలిచి, కొంగలు వచ్చి, తామరలు పూసి, చేపలు పట్టుకుని ఊళ్లు బతికిన చెరువు ఈ రూల్ పుస్తకంలో వెట్‌ల్యాండ్ కాదు. ఇంకో తమాషా ఏంటంటే ఇస్రో శాటిలైట్ బొమ్మలతో తయారుచేసిన వెట్‌ల్యాండ్ అట్లాస్‌లో చెరువులు కూడా ఉన్నాయి. అదే అట్లాస్ ఆధారంగా 2,01,503 వెట్‌ల్యాండ్లని కాపాడాలని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే శాటిలైట్‌కి కనపడింది, కోర్టుకి కనపడింది, ఏడు నెలల తర్వాత వచ్చిన రూల్స్‌కి కనపడలేదు. మీ దగ్గర మంచి లాయర్ ఉంటే ఈ గ్యాప్ మీదే వాదిస్తాడు.

మరి నీళ్లకి గట్టి రక్షణ ఉన్న చోటు మన దగ్గర లేదా అంటే, ఉంది. కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ సైట్ అయింది. అక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం పనిచేస్తుంది. దాని 29వ సెక్షన్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. అభయారణ్యంలోకి వచ్చే నీళ్లనీ, బయటికి పోయే నీళ్లనీ మళ్లించాలన్నా, ఆపాలన్నా, పెంచాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ కావాలి. దానికీ పైన బోర్డు దాకా వెళ్లాలి. చూశారా, ఇక్కడ ట్రిగ్గర్ నీళ్లే. రోడ్డు 2 కిలోమీటర్లా 200 కిలోమీటర్లా అని అడగదు.

అలా అడగకపోవడం ఎంత అవసరమో కొల్లేరు మ్యాప్ చూస్తే తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులోకి వస్తాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడని ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే, అక్కడి నుంచి సముద్రానికి. ఈ మధ్యలో సరస్సుని అడ్డంగా దాటే రోడ్డు కట్టలున్నాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మీద పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంత అని వరదలప్పుడు పేపర్లు రాస్తుంటాయి. ఎందుకు రాస్తాయి? కట్ట కింద ఖాళీ ఎంతుందో, లంక గ్రామాల్లో నీళ్లు ఎన్ని రోజులుంటాయో, ఆ రెండింటికీ లంకె ఉంది కాబట్టి. సరే, చట్టం ఇంత గట్టిగా ఉన్నా అభయారణ్యం లోపల చేపల చెరువులు ఎలా వచ్చాయి, 2006లో వాటిని ఎందుకు పగలగొట్టారు అన్నది వేరే కథ, దానికి ఒక ఎపిసోడ్ చాలదు.

ఇప్పుడు మీ ఊరి ప్రాజెక్టుకి పర్యావరణ అనుమతి కావాలి అనుకుందాం. కొత్త హైవే, కొత్త అలైన్‌మెంట్. అప్పుడు ఏం జరుగుతుంది?

మొదట కంపెనీ గానీ, రోడ్డు సంస్థ గానీ పరివేష్ అనే వెబ్‌సైట్‌లో అప్లై చేస్తుంది. 2018లో మొదలైన పోర్టల్ ఇది. ఎవరైనా ఫోన్‌లో తెరిచి చూడొచ్చు. అందులో ఫారం 1 అని ఒకటుంటుంది. చాలా బోరింగ్ పేరు, చాలా విలువైన కాగితం. వాగుల్ని దాటుతున్నారా, నీటి ప్రవాహాన్ని కల్వర్టుల్లోకి మారుస్తున్నారా, దారి మళ్లిస్తున్నారా అని నేరుగా అడుగుతుంది. చుట్టూ 15 కిలోమీటర్లలో వెట్‌ల్యాండ్లు, వాగులు, నీటి వనరులు ఏమున్నాయో చెప్పమంటుంది. మీరు చేయాల్సింది ఆ జాబితాని మీ ఊరితో పోల్చి చూడటం. చెరువు పేరు ఉందా? వాగు పేరు ఉందా? చాలాసార్లు పేరుండదు, "సీజనల్ నాలా" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. కావాలని సమాచారం దాచినా, తప్పు సమాచారం ఇచ్చినా అప్లికేషన్ తిరస్కరించొచ్చు, ఇచ్చిన అనుమతి కూడా రద్దు చేయొచ్చు అని నోటిఫికేషన్‌లోనే ఉంది. కాబట్టి లేని చెరువుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తర్వాత కన్సల్టెంట్లు వచ్చి గాలి, నీరు, శబ్దం కొలుస్తారు. ఒక సీజన్ డేటా చాలు, అది కూడా సాధారణంగా వానాకాలం కాకుండా. దీనికి కారణం ఉంది, వానలు గాలిని కడిగేస్తాయి కాబట్టి కాలుష్యం తక్కువ కనిపిస్తుంది. గాలికి ఆ లాజిక్ కరెక్టే. వాగుకి? మార్చిలో వచ్చి చూస్తే వాగులో ఇసుక, నాలుగు తుమ్మచెట్లు, మేకలు. వరద ఎంత ఎత్తున వచ్చేదో రోడ్డు ఇంజనీర్లు ఊరివాళ్లని అడిగి, పాత గుర్తులు చూసి రాసుకుంటారు. అడిగినప్పుడు ఎవరు ఉంటే వాళ్లు చెప్పిందే లెక్క.

అందుకే ప్రజాభిప్రాయ సేకరణ, పబ్లిక్ హియరింగ్ ముఖ్యం. కనీసం 30 రోజుల ముందు పేపర్లలో నోటీసు ఇవ్వాలి, ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక. పేపర్లు రాని చోట డప్పు చాటింపు వేయించాలని కూడా నోటిఫికేషన్‌లో రాసి ఉంది, నేను జోక్ చేయట్లేదు. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు. మొత్తం వీడియో తీయాలి. చివర్లో ఎవరేం చెప్పారో సారాంశం అక్కడే మన భాషలో చదివి వినిపించాలి. కోరం అనేది లేదు. పదిమంది వచ్చినా హియరింగ్ అయినట్టే. అందుకే "మనం పోకపోతే ఆగుతుందిలే" అనుకోవద్దు.

నేను ఒక హియరింగ్‌కి వెళ్లా, ఎక్కడో చెప్పను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది నష్టపరిహారం గురించే మాట్లాడారు, న్యాయమే, భూమి పోయేది వాళ్లది. చివర్లో ఒక పెద్దాయన లేచాడు. "సారూ, నేను చిన్నగున్నప్పుడు వాగొస్తే ఆ యాపచెట్టు కొమ్మ దాక నీళ్లొచ్చినయ్. మీరు మోరీ పెడుతున్న జాగ గదే" అన్నాడు. హాల్లో కొందరు నవ్వారు. తర్వాత ఫైనల్ రిపోర్టులో వెతికి చూశా. ఆయన మాట ఉంది. పక్కన జవాబు గడిలో "గమనించబడినది" అని ఉంది. అంతే.

అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, ఆయన దగ్గర ఉన్నది ఆ రిపోర్టు మొత్తంలో లేని డేటా. కానీ అది నంబర్ రూపంలో లేదు. ఫోన్ ఉన్న మనం ఆ పని చేయగలం. చెట్టు దగ్గర లొకేషన్ పిన్ తీయండి. కొమ్మ దాకా టేపుతో కొలవండి. పెద్దాయన పక్కన నిలబడి చెప్తుంటే వీడియో తీయండి. పోయినేడు వరద వీడియోలు ఊరి వాట్సాప్ గ్రూప్‌లో కచ్చితంగా ఉంటాయి, తేదీతో సహా దాచండి. ఇవన్నీ ఒక పేజీలో రాసి "ఫలానా కిలోమీటర్ దగ్గర కల్వర్టుకి వరద మట్టం ఎంత తీసుకున్నారు, మా దగ్గర ఇంత ఉంది" అని రాతపూర్వకంగా ఇవ్వండి. నోటి మాటకి "గమనించబడినది" అని రాయడం తేలిక. నంబర్‌కి అలా రాస్తే పైన ఢిల్లీలో కూర్చునే నిపుణుల కమిటీకి అనుమానం వస్తుంది. కమిటీ అడిగితే కంపెనీ జవాబు చెప్పాలి. హియరింగ్‌కి రాలేనివాళ్లు కూడా రాసి పంపొచ్చు.

ఒక జాగ్రత్త. ఉన్న రోడ్డునే విస్తరిస్తూ కొత్తగా భూమి తీసుకోకపోతే హియరింగ్ ఉండదు. మినహాయింపు ఉంది.

అనుమతి వచ్చాక లెటర్‌లో షరతులుంటాయి. సహజ నీటి ప్రవాహాన్ని అడ్డుకోకూడదు అనే లైన్ తరచూ ఉంటుంది. ఆ షరతులు పాటిస్తున్నట్టు ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి రిపోర్టు ఇవ్వాలి. అనుమతి మీద అభ్యంతరం ఉంటే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి 30 రోజుల్లో అప్పీలు చేయాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. 91వ రోజు వెళ్తే ఎంత మంచి కేసైనా తలుపు మూసేసినట్టే.

మట్టి సంగతి కూడా ఒక్క మాట. రోడ్డు కట్టకి మట్టి ఎక్కడినుంచో తవ్వాలిగా. 2020 మార్చిలో రోడ్లు, పైపులైన్లలాంటి పనులకి మామూలు మట్టి తవ్వకానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఎంత మట్టి, ఎక్కడ, ఎలా అని ఏ హద్దూ లేకుండా మినహాయింపు ఎలా ఇస్తారని అడిగింది. మీ గుట్టనో, చెరువు శిఖం భూమినో రాత్రిపూట తవ్వుతుంటే ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి.

మరి తమ్ముడి బైపాస్? ఈఐఏ లేదు, హియరింగ్ లేదు, వెట్‌ల్యాండ్ రూల్ లేదు. చేతులు ఎత్తేయాలా? లేదు, కానీ తలుపులు చిన్నవి.

ఒకటి, భూసేకరణ. నేషనల్ హైవేస్ చట్టం 1956 కింద 3ఏ నోటిఫికేషన్ రెండు పత్రికల్లో వస్తుంది, ఒకటి స్థానిక భాషలో. అది వచ్చిన 21 రోజుల్లో ఆ భూమిలో హక్కున్నవాళ్లు 3సీ కింద అభ్యంతరం రాసివ్వొచ్చు. అందరూ రేటు గురించే రాస్తారు. మీరు వాగు గురించి, ఆయకట్టు గురించి కూడా రాయండి. తమ్ముడి ఊళ్లో ఈ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇంకా సర్వే రాళ్లు పాతుతున్న దశలో ఉన్న ఊళ్లవాళ్లు వింటుంటే, మీకు టైముంది.

రెండు, సమాచార హక్కు. పది రూపాయలు, 30 రోజులు. అడగాల్సింది "పర్మిషన్ ఉందా" అని కాదు. ఆ కిలోమీటర్ దగ్గర కల్వర్టు డ్రాయింగ్ ఇవ్వండి, హైడ్రాలజీ లెక్క ఇవ్వండి, పరీవాహక ప్రాంతం ఎంత తీసుకున్నారో, వరద మట్టం ఎంత తీసుకున్నారో ఇవ్వండి, నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ కాపీ ఇవ్వండి. ఆ లెక్క వచ్చాక ఇందాక మనం వేసిన కూడికలు, గుణకారాలు మీరూ వేయొచ్చు.

మూడు, అదే నీటిపారుదల శాఖ డీఈ దగ్గరికి ఆయకట్టు రైతులంతా కలిసి వెళ్లడం. చెరువు వాళ్లది, దాంట్లోకి వచ్చే కాలువ బాధ్యత వాళ్లది. రోడ్డు డిపార్ట్‌మెంట్‌కి మీరు రాసే లెటర్ కంటే ఇంకో డిపార్ట్‌మెంట్ రాసే లెటర్‌కి విలువ ఎక్కువ. ఇది ఏ చట్టంలోనూ ఉండదు, కానీ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లని ఎవరిని అడిగినా చెప్తారు. ఏదీ కుదరకపోతే గ్రీన్ ట్రిబ్యునల్‌లో 14వ సెక్షన్ కింద కూడా వెళ్లొచ్చు. దానికి ఆరు నెలల గడువు, పర్యావరణ అనుమతి లేని ప్రాజెక్టు అయినా సరే.

చివరగా ఒక కామెంట్. "అన్నా, ఇవన్నీ అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నావంటారు, ఊళ్లోవాళ్లే తిడతారు." నిజమే, తిడతారు. ఆంబులెన్స్ తొందరగా రావాలని అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఆ తమ్ముడు రోడ్డు ఆపమనట్లేదు. రెండు పైపుల చోట చిన్న వంతెన అడుగుతున్నాడు. రోడ్డు వాళ్ల లెక్కలో 6 మీటర్ల దాకా కల్వర్టు, 6 దాటి 60 దాకా మైనర్ బ్రిడ్జి. కట్ట పోయకముందు అయితే అది డ్రాయింగ్‌లో మార్పు. తారు పడ్డాక అయితే రోడ్డు తవ్వాలి. ఆ తమ్ముడు నిన్న మళ్లీ ఫొటో పంపాడు, పైపుల మీద మట్టి రెండు మీటర్లు లేచింది, తారు ఇంకా వేయలేదు. ఆర్‌టీఐ అప్లికేషన్ నమూనా తెలుగులో టైప్ చేసి కింద పెట్టా, కిలోమీటర్ నంబర్, ఊరి పేరు మార్చుకుని వాడుకోండి. కాపీ కొట్టినా పర్లేదు.